అన్న చెప్పులు వేసుకున్న రోజు

ఆ రోజు పొద్దున మా అన్న వీధి చివరి అంగడికి పోయి పాలపొట్లాలు తెచ్చాడు. వస్తూ ఎదురింటి సంతోషమ్మక్క దగ్గర ఆగి, కుళాయి నీళ్లు వదిలారా అని అడిగాడు. ఇంట్లోకి పోయే ముందు గడప పక్కన చెప్పులు విడిచాడు.

ఇందులో రాయదగ్గది ఏమీ లేదు. ఆ పొద్దు కల్లూరులో ఎంతోమంది మగవాళ్లు ఇదే పని చేసి ఉంటారు. కాకపోతే మా అన్న ఈరేష్ అప్పటికి తొమ్మిదేళ్లుగా కాళ్లకు చెప్పులు తొడగలేదు. తారు కరిగే ఎండలో కూడా వట్టి కాళ్లతోనే తిరిగాడు.

వదిన శివలీల వంటింట్లో ఉంది కాబట్టి చూడలేదు. పాలపొట్లాలు అందుకుంటూ, "ఈ పొద్దు బిర్న రా, చీకటి పడకముందే. పాపకు వెంట్రుకలు కత్తిరించల్ల. నేనొక్కదాన్నే పట్టుకోలేను" అంది.

"వస్తాలే" అన్నాడు.

మధ్యాహ్నం షేర్ ఆటోల స్టాండులో, తన ఆటో వెనక సీటులో ఒరిగి కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. గుండె ఆగిపోయిందని ఆసుపత్రిలో చెప్పారు. తోటి డ్రైవరు బొజ్జన్న మాత్రం ఆ సంగతి చెప్పిన ప్రతిసారీ మొదటికే వస్తాడు. "నిద్రపోతాండాడు అనుకుంటిమమ్మా. ఇద్దరు ఆడోళ్లు ఎక్కి పక్కన కూచోని, పోనీప్పా, ఉడికిపోతాండాం అని అరిచినారు గూడా."

ఆసుపత్రివాళ్లు ఇచ్చిన సంచిలో చొక్కా, ప్యాంటు, గడియారం, ఒక జత తోలు చెప్పులు ఉన్నాయి. వదిన చెప్పులు పక్కకు తీసి పెట్టింది. "ఇవి మాయి కావు. ఎవురివో కలిసిపోయినాయి. ఇచ్చేసి రా పో" అని ఆడబిడ్డనైన నాతో అంది. అంత ఏడుపులోనూ ఎవరో వట్టి కాళ్లతో ఇంటికి పోయి ఉంటారని ఆమెకు తోచింది. నేను చెప్పులు చేతిలో పట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి సంతోషమ్మక్క అడ్డం వచ్చింది.

"యాడికి తీసుకపోతావు? అవి మీయన్నవే. పొద్దున ఏసుకోని పాలకు పోయినాడు. నేను సూసినా."

లోపలికి తిరిగి వచ్చి చెప్పాను. వదిన ఏడుపు ఆపింది. చెప్పులు తీసుకుని తిప్పి చూసింది. కొత్తవి కావు. మడమల దగ్గర అరిగి ఉన్నాయి, తోలు పగిలి ఉంది. కుడి చెప్పు పట్టీ మాత్రం ఎర్రదారంతో కొత్తగా కుట్టి ఉంది.

"ఇవి రాజంపేటలో కొన్నవి. మీ చిన్నాయన కూతురి పెండ్లికి పోయినప్పుడు" అంది. "ఈరన్న గుడికాడ ఇడిసిపెట్టి వచ్చినా అని గదా చెప్పింది?"

అక్కడ నుంచి మా ఇంట్లో అందరి మాటలూ ఈ చెప్పుల చుట్టూనే తిరిగాయి. చనిపోయిన మనిషిని పక్కన పెట్టి చెప్పుల గురించి మాట్లాడుకోవడం బయటివాళ్లకు వింతగా ఉండి ఉంటుంది. కానీ అన్న చెప్పులు మానింది తన కూతురి కోసం. భువనకు మాట రావాలని, నోరారా "నాయనా" అని పిలిచేదాకా చెప్పులు తొడగనని, ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కుకున్నాడు. మా అందరికీ తెలిసిన సంగతి అది. భువన ఆయనను అలా పిలవలేదు. మరి చెప్పులు ఎందుకు వేసుకున్నాడు?

మా అమ్మ ఈరక్క దగ్గర దీనికి జవాబు ఉంది. "మొక్కు తప్పినాడు. సామితో ఎగతాళా? సాయంత్రం దంకా గూడా ఉంచల్యా."

వదినకు ఆ మాట వేరే విధంగా తగిలింది. రాత్రి నా పక్కన పడుకుని అడిగింది. "మొక్కు ఇడిసిపెట్టినాడంటే పాప మీద ఆశ ఇడిసిపెట్టినట్టే గదా? నాకొక మాట చెప్పకుండా ఇడిసిపెట్టినాడా?" మర్నాడూ అదే అడిగింది. అన్నం కలుపుతూ ఆగి, బట్టలు ఆరేస్తూ ఆగి, అదే మాట అడిగేది.

మా అన్న మొదటి నుంచీ మౌనంగా ఉండే మనిషి కాదు. ఆదోని వైపు మా ఊళ్లో మా నాయన తిమ్మన్నతోపాటు వేరుశెనగ పెరుకుతూ ఊరందరి నడకలనూ అనుకరించి చూపించేవాడు. వానలు లేక చేను వదిలేసి కల్లూరుకు వచ్చి ఆటో కొన్నాక ఆ నోరు ఇంకా పదునెక్కింది. కర్నూలు పాత బస్టాండు నుంచి కల్లూరు దాకా ఆయన ఆటోలో ఎక్కినవాళ్లు నవ్వకుండా దిగేవాళ్లు కాదు.

భువనకు మూడేళ్లు దాటాక కర్నూలులో డాక్టరు ఆటిజం అనే మాట చెప్పాడు. "ఎన్ని దినాల్లో తగ్గుతాది సార్?" అని అన్న అడిగాడు. ఇది తగ్గే జబ్బు కాదని, పాపకు పుట్టుకతో వచ్చిన తీరే అదని ఆయన చెప్పాడు. ఇంటికి వచ్చి అమ్మతో మాత్రం, "ఏదో ఇంగ్లీషు పేరు చెప్పినారు. పెద్దదైతే సరిపోతాదంట" అన్నాడు.

ఆ తరువాత ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. నాలుక మీద తేనె రాయమన్నారు. దర్గాలో తాయెత్తు కట్టించమన్నారు. కడుపుతో ఉన్నప్పుడు వదిన ఏం తినిందో, ఏం చూసిందో అడిగారు. అన్నను ఎవరూ ఏమీ అడగలేదు. పెళ్లిళ్లకు పోతే పందిరి చివర కూర్చునేవాళ్లు, పాప మేళం చప్పుడుకు చెవులు మూసుకుని అరిస్తే తొందరగా లేచి బయటికి పోవడానికి వీలుగా ఉండేది. కొన్నాళ్లకు పోవడమే మానుకున్నారు. ఒకరు తింటుంటే ఒకరు పాపను చూసుకునేవారు. ఆ మొగుడూ పెళ్లాం ఒక్కసారి కలిసి కూర్చుని అన్నం తినగా చూసిన గుర్తు నాకు లేదు.

భువనకు ఎర్ర పళ్లెంలోనే అన్నం పెట్టాలి. కుక్కరు కూత పడదు. ఏ వస్తువైనా విరిగినా చిరిగినా దాన్ని వదలదు. చొక్కా గుండీ ఊడితే ఆ చొక్కా పట్టుకుని ఇల్లంతా తిరుగుతుంది. ఆటో మాత్రం ప్రాణం. సాయంత్రం ఆటిజం పిల్లల సెంటరు నుంచి వచ్చి నాయన పక్కన సీటులో ఇరుక్కుని కూర్చునేది. ఆమె నోటి నుంచి మాట రాదని కాదు. "కల్లూరు కల్లూరు! ఒగరే ఒగరు!" అని అచ్చం అన్న గొంతుతో అరిచేది. నిజంగానే జనం వచ్చి ఎక్కేవాళ్లు.

"నీకు క్లీనరు ఖర్చు లేదు గదప్పా" అనేవాడు బొజ్జన్న. అన్న పాదాలను చూసి, "ఇవి కాళ్లా, ఎద్దు గిట్టలా? లాడాలు కొట్టిస్తువా ఈరేషూ?" అని కూడా అనేవాడు.

"ముందు నీ నోటికి కొట్టిస్తా రా" అనేవాడు అన్న. ఆటోలో కాళ్ల కింద తడిపిన గోనెపట్ట వేసుకునేవాడు. ఎండాకాలం అది గంటకే ఎండిపోయేది. మళ్లీ తడిపేవాడు.

ఆ కాళ్లకు ఊళ్లో గొప్ప పేరు వచ్చింది. కూతురి కోసం ఇంత కష్టపడే తండ్రి ఎక్కడ ఉన్నాడని అందరూ చెప్పుకునేవారు. ముసలమ్మలు దిగేటప్పుడు ఆయన పాదాల వైపు చూసి దండం పెట్టేవాళ్లు. అన్న మొహం తిప్పుకునేవాడు. మొహమాటం అనుకున్నాం.

వదినకు అది సరిపడేది కాదు. ఒకసారి నా ముందరే ఆయనతో అనేసింది. "నీ కాళ్లు లోకమంతా సూస్తాది. నా చేతులు ఎవురు సూసినారు? పదేండ్లు దాటిన పిల్లకు ఇంగా కడిగేది ఈ చేతులే. నువ్వు మొక్కుకోని సామివైనావు. నేనేం కావల్ల?"

అన్న వెంటనే లేచి పాపకు స్నానం చేయించడానికి పోయాడు. వదిన ఇంకా ఏడ్చింది. పని అందుకోవడం కాదు, మాట అందుకోవాలని ఆమె ఏడుపు. అన్నకు అది అర్థమైందో, అర్థమయ్యే భయపడ్డాడో ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు.

పిల్లల సెంటరులో ఒక శనివారం తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. వదినకు జ్వరం వస్తే అన్నతో నేను పోయాను. పిల్లలకు నేర్పే శివజ్యోతి అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, "ఈ పొద్దు పిల్లోల్ల సంగతి వద్దు. మీరెట్లుండారో చెప్పండి" అంది. ఒకావిడ చెప్పబోయి ఏడ్చేసింది. ఒకాయన నిద్రమాత్రల గురించి చెప్పాడు. అన్న వంతు వచ్చింది.

"నాకేముండాది మేడమ్. బాగుండా."

"నిద్ర పడతాందా అన్నా?"

"పడతాది." కాసేపు గోనెపట్ట రంగుకు తిరిగిన తన పాదాలను చూసుకున్నాడు. తరువాత అడిగాడు. "మేడమ్, ఈ పిల్లోల్లకు పాతవి గుర్తుంటాయా? శానా చిన్నప్పటివి?"

"అందరికీ ఒకే మాదిరి ఉండదు. కొందరికి మాత్రం శానా బాగా గుర్తుంటాయి. మనం మర్చిపోయినవి గూడా."

అన్న తల ఊపాడు. పాప తెలివైనదని విని సంతోషపడ్డాడేమో అనుకున్నాను.

దినాల ముందు రోజు అమ్మ వాకిట్లో చుట్టాల మధ్య కూర్చుని మళ్లీ అదే మొదలుపెట్టింది, మొక్కు తప్పి బిడ్డ పోయినాడని. వదిన తల వంచుకుని బియ్యం చెరుగుతోంది. సంతోషమ్మక్క ఎదురింటి నుంచి వచ్చి, నన్నూ వదిననూ పెరట్లోకి పిలిచింది.

"ఆ ముసలామె మాట ఇంగ వినల్యాకపోతాండా. ఈరేషు ఎవురికీ చెప్పొద్దక్కా అన్యాడు. ఇప్పుడు ఆయప్పే ల్యాకపాయె" అంది. తరువాత మెల్లగా చెప్పింది. "మొక్కేం ల్యా."

మేము అర్థం కానట్టు చూశాం.

భువనకు నాలుగేళ్లప్పటి ఎండాకాలం. వదిన వాళ్ల నాయనకు బాగాలేదని పుట్టింటికి పోయింది. రెండు రాత్రులుగా పాప నిద్రపోలేదు, అన్నను నిద్రపోనివ్వలేదు. మూడో రోజు మధ్యాహ్నం కరెంటు పోయి ఫ్యాను ఆగింది. పాప తల గోడకు కొట్టుకుంటూ అరిచింది. వీధిలోవాళ్లు గడప దగ్గర మూగారు. "సాకేది చేతగాకుంటే ఎందుకు కన్యారప్పా" అని ఎవరో అన్నారు. వాళ్లు పోయాక కూడా పాప అరుపు ఆపలేదు. అన్న గడప పక్కనున్న చెప్పు తీశాడు.

"నేను మా గడపలో నుంచి సూసినా. రెండు దెబ్బలకే పట్టీ తెగింది. ఎట్ల కొట్టినాడో సూడు. నేను కేక ఏసి ఉరికొస్తి. అప్పటికే ఆయప్ప చెప్పు ఇసిరేసి కింద కూలబడినాడు. పాప ఏడుపు ఆపింది. ఏం చేసిందో తెలుసునా? పోయి ఆ చెప్పు తెచ్చుకోని, తెగిన పట్టీని మళ్లా బొక్కలో దూర్చాలని సూసింది. అది పోదు. మళ్లా దూర్చేది. మీయన్న అది సూసి తల కొట్టుకున్యాడు."

సంతోషమ్మక్క కొంగుతో మొహం తుడుచుకుంది.

"మర్నాడు వట్టి కాళ్లతో తిరుగుతాంటే మీయమ్మ, పాపకు మాట రావల్లని మొక్కుకున్యావా నాయనా అని అడిగింది. ఊఁ అన్యాడు. అంతే. మొక్కు పేరు ఆమె పెట్టిందే."

వదిన పెరటి బండ మీద కూర్చుంది. ఆమె ఏడుస్తుందో, మండిపడుతుందో నాకు తెలియలేదు. నవ్వింది.

"ఇన్నేండ్లు ల్యాని మొక్కుతో పోట్లాడితినా నేను?" అంది. తరువాత ఇంకొక మాట అంది. "నేను గరిటెతో కొట్టినా. ఎన్నిసార్లో. ఎవురికి చెప్పుకున్యా? ఆయన చెప్పులు ఇడిసిపెట్టినాడు. నేను గరిటె ఇడిసిపెడితే వంట ఎవురు చేస్తారు?"

కాసేపటికి మళ్లీ నా వైపు తిరిగింది. "అయితే ఆశ ఇడిసిపెట్టల్యా గదా? మొక్కే ల్యాకపాయె. మరి ఇన్నేండ్లకు ఆ చెప్పులే ఎందుకు ఏసుకున్యాడు?"

సంతోషమ్మక్కకు అది తెలియదు. మాకూ తెలియదు. తనను తాను క్షమించుకున్నాడా? విసిగిపోయాడా? కాళ్లు మండి ఇక చాలనుకున్నాడా? ఒక ప్రశ్న పోయి ఇంకొకటి మిగిలింది.

మా వైపు దినాలనాడు కర్మ చేయించే అయ్యవారికి గొడుగు, చెంబు, చెప్పులు ఇస్తారు. చనిపోయినవాడు పోయే దారి ఎండగా ఉంటుందని, ముళ్లు ఉంటాయని అంటారు. చెప్పులు కొత్తవి తేవాలి. నేను బజారు నుంచి తెచ్చాను కూడా. అమ్మ ఒప్పుకోలేదు. "ఆ తప్పు చేసిన చెప్పులే ఇయ్యండి. అవి ఇంట్లో ఉండకూడదు" అంది.

"పాతవి ఇయ్యకూడదమ్మా" అన్నారు అయ్యవారు.

అప్పుడు వదినే లేచింది. లోపలికి పోయి ఆ చెప్పులు తెచ్చి, కొత్త జత పక్కన పెట్టింది. "రెండూ తీసుకోండి సామీ. ఇవి నా కండ్ల ముందర వద్దు" అంది. మా అమ్మ మాట విని కాదు. ఆ పట్టీ చూసినప్పుడల్లా ఆ మధ్యాహ్నం కళ్లకు కడుతుంది కాబట్టి ఇచ్చింది. మేమెవరమూ వద్దనలేదు. భువన తలుపు చాటున నిలబడి అయ్యవారు సంచి కట్టుకోవడం చూసింది. ఆయన గేటు దాటుతుంటే వెంటపడి అరిచింది. ఇంటి నిండా జనం, హోమం పొగ, పాపకు పడలేదని సంతోషమ్మక్క వాళ్ల ఇంటికి తీసుకుపోయింది.

రెండు నెలల తరువాత ఒక ఆదివారం నందికొట్కూరు నుంచి కల్లూరుకు పోయాను. నందికొట్కూరు కాలేజీలో నా ఉద్యోగం. అన్న ఆటో ఇంటి ముందరే గుడ్డ కప్పి నిలబడి ఉంది. అమ్మడానికి వదినకు మనసు రాలేదు. వదిన కొంచెం చిక్కింది, కానీ ఆ శనివారాల సమావేశానికి పోతోంది. "గరిటె సంగతి చెప్పినా. అందరివీ గరిటెలేనంట" అంది. ఆ మాటకు ఇద్దరం నవ్వాం.

సాయంత్రం భువన బయటికి వచ్చి ఆటో మీది గుడ్డ లాగింది. డ్రైవరు సీటు ఎత్తి కింది డబ్బాలోకి చూసింది. నట్లు విప్పే పానాలు, పాత గుడ్డలు కదిపింది. మూసింది. మళ్లీ ఎత్తింది.

"దినామూ ఇదే" అంది వదిన. "నాయన కోసం సూస్తాది. ఎట్ల చెప్పేది దానికి?"

కూరగాయలు ఇచ్చిపోదామని వచ్చిన బొజ్జన్న గేటు దగ్గర నిలబడి పాపను చూస్తున్నాడు.

"నాయన కోసం కాదులేమ్మా" అన్నాడు. "చెప్పుల కోసం. యాడ పెట్టినారు వాటిని?"

వదిన, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"ఈరేషు పోయే ముందునాడు సాయంత్రం" అన్నాడు బొజ్జన్న, అది మాకు తెలిసిందే అన్నట్టు. "పాప ఈ సీటు కింద నుంచి ఆ జత తీసింది. అన్నేండ్లు దాంట్లోనే పెట్టుకున్యాడేమో, నేనూ అప్పుడే సూస్తి. తీసుకపోయి స్టాండు కాడ చెప్పులు కుట్టే ఆయప్ప ముందర పెట్టింది. తెగిన పట్టీ మీద ఏలు పెట్టి సూపించింది. ఆయప్ప నల్లదారం తీస్తే, కాదని ఎర్రది ఎత్తిచ్చింది. మీయన్న ఆటో పట్టుకోని సూస్తనే ఉన్యాడు. కుట్టినాక తెచ్చి, మీయన్న కాళ్ల ముందర జతగా పెట్టి నిలబడింది. ఏసుకోప్పా, పాప అంత కష్టపడి తెచ్చింది అంటి నేను."

"ఏమన్యాడు?" అని వదిన అడిగింది.

"రేపు ఏసుకుంటాలే అన్యాడు."